అరకు పేజీలో కిలోమీటర్లతో పాటు గంటలు కూడా వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మేము రాజమండ్రి వాళ్ళం. మీ పేపరు మా ఇంటికి పాతికేళ్ళ పైనుంచి వస్తోంది, ఇన్నేళ్ళలో ఒక్క ఉత్తరం ముక్క రాసింది లేదు, ఇప్పుడు కూడా కోపంతో రాయట్లేదు, కోపం ఘాట్ రోడ్డు మీదే దిగిపోయింది. శీతాకాలం వచ్చిందంటే మీ ఆదివారం పేజీలో అరకు మీద ఒకటి పడుతుంది కదా, రెండ్రోజుల్లో పద్నాలుగు చోట్లు చూసెయ్యండి అని, పక్కన ఎక్కడికి ఎన్ని కిలోమీటర్లో చిన్న పట్టిక. ఆ పేజీ కత్తిరించి పెట్టుకుని మరీ వెళ్ళాం మేము, అందుకని దాని గురించే నాలుగు మాటలు.

డిసెంబర్లో నాలుగు రాత్రులకి అనంతగిరి దాటాక సుంకరమెట్టకి ఇవతల, కాఫీ తోటల పక్కన ఒక కాటేజీ తీసుకున్నాం. చిన్నా పెద్దా పన్నెండు మందిమి. డెబ్బై ఎనిమిదేళ్ళ మా అత్తయ్యగారి దగ్గర్నుంచి నాలుగేళ్ళ మా మనవరాలి దాకా, మధ్యలో హైదరాబాద్ నుంచి మా అబ్బాయి కోడలు, మా అమ్మాయి అల్లుడుగారు, మా మరిది వాళ్ళు. మా అబ్బాయి ఆఫీసు అలవాటు కొద్దీ మీ పట్టికంతా ఎక్సెల్‌లో ఎక్కించి, ఒక్కో చోటికి ఒక్కో రంగు వేసి, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో. గంటకి యాభై కిలోమీటర్ల లెక్కన వేశాడు వాడు. మొదటి రోజే మా వ్యాను డ్రైవరు అది చూసి, అమ్మా కొండ మీద గంటకి పాతికే వేసుకోండి, పొద్దున మంచుంటే అదీ వేసుకోకండి అన్నాడు. ఆయనేదో బద్ధకానికి చెప్తున్నాడు అనుకున్నాం.

మొదటి ట్రిప్పు వంజంగి, లంబసింగి. పొద్దున మేఘాల మీద సూర్యోదయం వంజంగిలో, అక్కణ్ణించి లంబసింగి, తాజంగి రిజర్వాయరు, తిరుగు దారిలో చాపరాయి వాగు, చీకటి పడేలోగా కాటేజీ. పేజీలో అన్నీ ఒకే డబ్బాలో వేశారండి, అరకు చుట్టుపక్కల అని హెడ్డింగు పెట్టి. అల్లుడుగారు వంజంగి వంజంగి అని నెలరోజుల్నుంచి ఆశపడుతున్నారని ఎవరం కాదనలేకపోయాం కూడా. తీరా చూస్తే మా కాటేజీ నుంచి అరకు మీదుగా పాడేరుకే అరవై కిలోమీటర్లు దగ్గర దగ్గర, వంజంగి ఆ పక్కనే అనుకోండి, కానీ లంబసింగి పాడేరు నుంచి మళ్ళీ ఇంకో యాభై. అది చింతపల్లి మండలం, మేమున్నది అనంతగిరి మండలం, కొండలు ఒకే వరసలో ఉన్నంత మాత్రాన పక్క వీధి అయిపోదు కదా. ఇప్పుడు అన్నీ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకే వచ్చాయి, 2022 లో జిల్లాలు విడగొట్టాక, అందుకే అన్నీ ఒకే చోట అనిపిస్తుందేమో రాసేవాళ్ళకి.

రాత్రి ఒకటిన్నరకి లేచాం. పిల్లల్ని నిద్రలోనే దుప్పట్లతో ఎత్తుకొచ్చి వ్యాన్లో పడుకోబెట్టాం. అరకు దాటాక మంచు ఎలా పట్టిందంటే ముందు గీత కనపడితే ఒట్టు, డ్రైవరు కిటికీ అద్దం దించి తల బయట పెట్టి నడిపాడు కాసేపు, నేను అత్తయ్యగారు ఇద్దరం వెంకటేశ్వరస్వామిని తలుచుకుంటూ కూర్చున్నాం. వంజంగి కిందకి చేరేసరికే తెల్లారిపోవచ్చింది, అప్పటికే బళ్ళు వరసగా ఆగిపోయి ఉన్నాయి, అక్కణ్ణించి పైకి ఎక్కాలి, రాళ్ళ దారి, బాగా ఏటవాలు. ఇది మీ పేజీలో వ్యూ పాయింట్ అని ఒక్క మాటలో ఉంది! వ్యూ పాయింట్ అంటే బండి దిగి గోడ దగ్గర నిలబడి చూసేది అనుకున్నాం. అత్తయ్యగారు, నేను, మనవరాలు వ్యాన్లోనే ఉండిపోయాం, మిగతావాళ్ళు ఎక్కారు. అబద్ధం ఎందుకు ఆడాలి, పైన చాలా బాగుందట, కింద అంతా పాలు పొంగినట్టు మబ్బులు, ఫోటోలు చూస్తే నాకే కుళ్ళు పుట్టింది. కానీ ఉప్మా డబ్బా మాత్రం కింద నా దగ్గర ఉండిపోయింది, వాళ్ళు దిగేసరికి తొమ్మిది దాటింది, ఆకలితో ఒకళ్ళ మీద ఒకళ్ళు విసుక్కోవడం అప్పుడే మొదలైంది.

అక్కడితో వెనక్కి తిరిగేస్తే పోయేది. షీట్లో ఉంది కదా అని లంబసింగి పోయాం. లంబసింగి అంటే తెల్లవారుజామున పొగమంచు చూడాల్సిన ఊరండి, ఆంధ్రా కశ్మీర్ అంటారు, సున్నాకి పడిపోయిందని మీరే ఏటా వేస్తారు. మేము చేరింది మిట్టమధ్యాహ్నం. ఫెళ్ళున ఎండ. స్వెట్టర్లు విప్పి చేతిలో పట్టుకుని రోడ్డు పక్కన టీ తాగి, ఇదేనా కశ్మీరు అని మా మరిది అడిగితే ఎవరికీ నవ్వు కూడా రాలేదు. తాజంగికి పోలేదు, చాపరాయి ఊసే లేదు. తిరిగొచ్చేటప్పుడు మలుపుల్లో మనవడికి రెండుసార్లు వాంతులు, వాణ్ణి చూసి కోడలికి, పాడేరు దాటకుండానే చీకటి పడింది. అక్కడ డిసెంబర్లో ఐదున్నర ప్రాంతానికే సూర్యుడు దిగిపోతాడు, చుట్టూ కొండలేమో ఇంకా ముందే వెలుగు తగ్గుతుంది, ఏడింటిదాకా తిరగొచ్చు అనుకుని వేసుకున్న ప్లాను ఏదీ అక్కడ పారదు. కాటేజీకి చేరింది రాత్రి ఎనిమిదిన్నరకి. రెండొందల ఇరవై కిలోమీటర్లు, పద్దెనిమిది గంటలు, అందులో నేల మీద కాళ్ళు పెట్టింది ఎంతసేపు అని లెక్కేస్తే మాకు మరీ బాధేసింది.

ఇంకో సంగతి ఇంటికొచ్చాక తెలిసింది, మా గోదావరి జిల్లాల వాళ్ళకి లంబసింగి అసలు అరకు వైపు నుంచి వెళ్ళాల్సిన ఊరే కాదు. తుని, నర్సీపట్నం మీదుగా పైకి ఎక్కితే సరిపోతుంది, సాయంత్రానికి అక్కడికి చేరి రాత్రి అక్కడే పడుకుంటే పొద్దున తలుపు తీస్తే మంచే. అలాగే వంజంగి చూడాలంటే రాత్రి పాడేరులో ఉండడం మేలు. అరకులో గది తీసుకుని ఈ రెండూ ఒక్కరోజులో చూడమనడం, అంతర్వేదిలో బస చేసి పొద్దున భద్రాచలం, మధ్యాహ్నం పాపికొండలు చూసి రమ్మనడం లాంటిది. ఈ ఒక్క వాక్యం మీ పట్టిక కింద ఉంటే మాకు ఒక రోజు మిగిలేది.

మర్నాడు ఏ ప్లానూ లేదు, ఉన్నా లేచేవాళ్ళు లేరు. తొమ్మిదింటికి లేచి వాచ్‌మన్ భార్య చేసిన రాగి జావ తాగి, పక్కనే కాఫీ తోటలోకి నడిచాం. సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద ఎర్రగా పండిన కాఫీ కాయలు, కోస్తున్న ఆడవాళ్ళు. అరకు కాఫీ అని సీసాల మీద చదవడమే తప్ప చెట్టు మీద చూడ్డం అదే మొదలు, దానికి 2019 లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా చోటి సరుకు అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు, వచ్చిందని మా మరిది కూతురు చెప్పింది, మా మనవడు పండు నోట్లో వేసుకుని తియ్యగా ఉందే, మరి కాఫీ ఎందుకు చేదు అన్నాడు. సాయంత్రం గాలికొండ దగ్గర కాసేపు ఆగి కిందున్న లోయలు చూసి వచ్చాం, అంతే. ఇంటికొచ్చాక అందరూ చెప్పుకుంటున్నది ఈ రోజు గురించే. ఎక్సెల్‌లో ఈ రోజుకి రంగే లేదు!

మూడో రోజు నుంచి పెత్తనం డ్రైవరుకి అప్పగించేశాం. ఆయన లెక్క ఒక్కటే, కాటేజీ నుంచి దిగువకి ఒక రోజు, ఎగువకి ఒక రోజు, అటూ ఇటూ కలపకూడదు. దిగువకంటే బొర్రా గుహలు, కటికి జలపాతం. నిజానికి విశాఖ నుంచి వ్యాన్లోనే వచ్చేవాళ్ళయితే బొర్రా ఎక్కేటప్పుడే దారిలో చూసెయ్యొచ్చు, వేరే రోజు అక్కర్లేదు. మేము పిల్లల సరదా కోసం విశాఖ నుంచి కిరండూల్ పాసింజర్లో వచ్చాం కాబట్టి అది మిగిలిపోయింది. ఆ రైలు గురించి మాత్రం మీరు ఎంత రాసినా తక్కువే అండి, ఇనుప ఖనిజం కోసం అరవైల్లో వేసిన లైను ఇవాళ ఇంతమంది పిల్లలతో అరుపులు పెట్టిస్తోంది. అరకు దాకా 58 సొరంగాలని చెప్తారు, మా మనవడు 31 దాకా లెక్కపెట్టి నిద్రపోయాడు. శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తులో ఉంది, ఆ చలిలో ప్లాట్‌ఫారం మీద తిన్న గారెలు ఇంకా నోట్లోనే ఉన్నాయి. అద్దాల బోగీకి టికెట్లు దొరకలేదు, డిసెంబర్లో చాలా ముందుగా చూసుకోవాలి, మామూలు బోగీలో కిటికీ పక్కన కూర్చున్నా తక్కువేం కాలేదు.

బొర్రా గుహల్లో మెట్లు చాలా ఉన్నాయి, దిగడం తేలిక, ఎక్కేటప్పుడు తెలుస్తుంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళు మొదట్లో ఉన్న పెద్ద హాలు లాంటి చోటు దాకా వెళ్ళి కూర్చున్నా గుహ చూసినట్టే, అంత ఎత్తుంటుంది కప్పు. అత్తయ్యగారు అక్కడే కూర్చుని పక్కావిడకి పైనున్న కన్నంలోంచి ఆవు పడిపోయిన కథ చెప్పడం మొదలెట్టారు, వెతుక్కుంటూ వచ్చిన కాపరికి లోపల శివలింగం కనపడిందని, అందుకే అక్కడ పుట్టే నదికి గోస్తని అని పేరొచ్చిందని, మేము తిరిగొచ్చేసరికి చుట్టూ పదిమంది చేరారు. గుహల పైనుంచే రైలు పట్టాలు పోతాయి, ఆ ముక్క వినగానే మా అమ్మాయి నడక వేగం పెంచింది. ఐదింటికి మూసేస్తారు, అది చూసుకుని వెళ్ళాలి. కోతులకి చేతిలో సంచి కనపడకూడదు. కటికికి మన వ్యాను పోదు, అక్కడ జీపులుంటాయి, ఒళ్ళు హూనమయ్యే దారి, తర్వాత మళ్ళీ నడక. అందుకని బొర్రా దగ్గరే రెండు బ్యాచీలయ్యాం, బూట్ల బ్యాచి జీపెక్కింది, మోకాళ్ళ బ్యాచి బొంగు చికెన్ చెప్పి చెట్టుకింద కూర్చుంది. ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. పన్నెండు మందీ పద్నాలుగు చోట్లూ చూడాలన్న పట్టుదల వదిలేస్తే ఎంత హాయో.

ఎగువకి వెళ్ళిన రోజు పద్మాపురం గార్డెన్స్, గిరిజన మ్యూజియం, చాపరాయి. అన్నీ ఒకే వరస, దగ్గర దగ్గరే. పద్మాపురం తోట రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైనికులకి కూరగాయలు పండించడానికి వేశారట, ఇప్పుడు చెట్ల మీద గుడిసెలు, పిల్లల రైలు. మ్యూజియంకి గంట చాలదు, రెండు పెట్టుకోండి. చాపరాయిలో రాయి మీద నాచు, నీళ్ళు పల్చగా ఉన్నాయి కదా అని నడిస్తే కాలు జారుతుంది, అల్లుడుగారు జారారు, దెబ్బ తగల్లేదు, ఫోన్ పోయింది. వలిసె చేలల్లో పూల పసుపు మేమెళ్ళేసరికి చాలావరకు అయిపోయింది, అది చూడాలంటే నవంబర్లోనే వెళ్ళాలట. సంతలో ఆదివాసీ ఆడవాళ్ళని అడక్కుండా మొహం మీద ఫోన్ పెట్టి ఫోటోలు తీసేవాళ్ళని కూడా చూశాను, మన ఇంటి ముందుకొచ్చి ఎవరన్నా అలా తీస్తే ఊరుకుంటామా.

ఇక నా విన్నపం ఏంటంటే, ఈసారి ఆ పేజీ వేసేటప్పుడు కిలోమీటర్ల పక్కన ఘాట్ మీద పట్టే గంటలు వెయ్యండి, ఏ చోటు ఏ వైపుందో చిన్న బొమ్మ గీయించండి, మెట్లెక్కాలా నడవాలా బండి ఎక్కడిదాకా పోతుంది అనేది రాయండి. ఆడవాళ్ళకి బాత్రూమ్ ఎక్కడుందో అది మాత్రం తప్పకుండా రాయండి, మగవాళ్ళు రాసిన ఏ వ్యాసంలోనూ నాకది కనపడలేదు, దానికోసం పొద్దుట్నుంచి నీళ్ళు తాగకుండా తిరిగాం నేనూ మా తోటికోడలూ. సిగ్నల్ లేని చోట ఫోన్ పే పనిచెయ్యదు, చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోమని ఒక ముక్క. చోట్లు పద్నాలుగు బదులు ఆరే వేసినా మేమేం అనుకోం.

సంక్రాంతి వెళ్ళగానే మా చెల్లెలు వాళ్ళు తొమ్మిది మంది అదే కాటేజీకి వెళ్తున్నారు, మీ పాత పేజీ మళ్ళీ వాళ్ళ గ్రూపులో తిరుగుతోంది. ఈలోగా కొత్తది వేస్తే సరే, లేదంటే ఈ ఉత్తరమే ఫోటో తీసి పంపిస్తాను, మా అబ్బాయి షీటు మాత్రం పంపను.

ఇట్లు
మీ పాఠకురాలు,
రాజమండ్రి