నీ కాపీ దిద్దాను, చూసుకో

రాజమహేంద్రవరం,
సెప్టెంబరు 3

అమ్మలూ,

చనిపోవాలనుకున్న ఆ రాత్రి గురించి నువ్వు రాసి పంపిన నాలుగు పేజీలూ ప్రింటు తీయించి చదివాను. ఫోనులో చదివితే నాకు తప్పులు కనబడవు. ఇరవై ఆరేళ్లు పత్రిక డెస్కులో చేసినవాడి జబ్బు ఇది. మొదటిసారి చదివినప్పుడు మాత్రం ఎర్ర పెన్ను మూత కూడా తీయలేకపోయాను. "రాత్రి పదిన్నరకు నాన్నకు ఫోను చేశాను. పేజీలు పెడుతున్నాను, తర్వాత మాట్లాడతానన్నాడు" అని రాశావు. నిజమే. ఆ 'తర్వాత' మర్నాడు మధ్యాహ్నానికి గానీ రాలేదు. ఆ వాక్యం తీసేయమని అడగను. అలాగే ఉండనీ.

"అందరూ చదివేలా పెట్టనా, వద్దా?" అని అడిగావు. అమ్మ వద్దంది. సంబంధాలు చూడవలసిన వయసు, నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారని ఆమె బెంగ. రెండు రోజులు నేనూ తలూపాను. మూడో రోజు అటక మీది పాత పేపర్ల కట్ట దింపాను.

ఇంటర్ ఫలితాలు వచ్చిన ప్రతి ఏడూ మా జిల్లా పేజీలో అవే ముక్కలు: 'మనస్తాపంతో', 'క్షణికావేశంలో'. చాలావరకు నా చేత్తో పెట్టిన శీర్షికలే. ఒక పిల్లవాడి లోపల నెలల తరబడి నలిగినదంతా ఒకే కారణంగా కుదించి సింగిల్ కాలమ్ వార్తలో సర్దేసేవాణ్ణి. ఎలా చనిపోయాడన్నది మాత్రం పూసగుచ్చినట్టు రాసేవాళ్లం. అలా రాయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లోనే పత్రికలవాళ్లకు చెప్పింది. మా డెస్కులో ఆ కాగితం నా కంట పడలేదు, నేనూ వెతకలేదు.

మన భాషలోనూ ఒక ముల్లుంది. చోరీకి పాల్పడ్డాడు, మోసానికి పాల్పడ్డాడు, ఆత్మహత్యకు పాల్పడ్డాడు. దొంగకు వాడిన క్రియనే దుఃఖంలో ఉన్నవాడికీ వాడేశాం. ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు అని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. మా క్రియాపదానికి ఆ కబురు ఇంకా అందలేదు. నీ రెండో పేజీలోనూ 'పాల్పడబోయాను' అని దొర్లింది. 'చనిపోవాలనుకున్నాను' అని దిద్దాను.

అదే పేజీలో మూడో పేరా మొత్తం కొట్టేశాను. ఎలా చనిపోవాలనుకున్నావో అందులో ఉంది. నిజం దాచమంటావా అని పోట్లాడతావు, తెలుసు. ఆ రాత్రి నువ్వున్న స్థితిలోనే ఉన్న పిల్ల ఎవరైనా చదివితే, ఆ పేరా ఆమెను ఎటు తీసుకువెళుతుందో ఆలోచించు.

మూడో పేజీ మీద పెన్ను పెట్టలేదు. నీ రూమ్మేటు నీ ముఖం చూసి పక్కన కూర్చుని "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగడం, నువ్వు బావురుమనడం, ఆమె ఒక్క నీతి వాక్యమైనా చెప్పకుండా కొబ్బరినూనె సీసా తెచ్చి నీ తలకు పట్టించి, అర్ధరాత్రి వేళ రెండు జడలు అల్లి, ఆ తర్వాత వెళ్లి వార్డెనును లేపడం. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనవాళ్ల భయం. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ పిల్ల అవేవీ చదివి ఉండదు.

2010లో వియన్నా పరిశోధకులు ఆస్ట్రియా పత్రికల్లోని ఇలాంటి వార్తలన్నీ కుప్పపోసి చూశారు. చావు గురించి ఊదరగొట్టే వార్తలు కాక, చనిపోవాలనిపించినా ఆ గడ్డుకాలం దాటి బతికినవాళ్ల కథలు వచ్చిన చోట ఆత్మహత్యలు తగ్గినట్టు కనిపించిందట. దానికి పాపగేనో ప్రభావమని పేరు పెట్టారు. 1791 నాటి మోజార్ట్ సంగీత నాటకంలో పిట్టలు పట్టేవాడు పాపగేనో. ఇక చాలనుకున్న ఘడియలో ముగ్గురు బాలురు వచ్చి, నీ చేతిలో గంటలున్నాయి కదా, మోగించి చూడు అంటారు. మోగిస్తాడు. నీ కథలో గంటల బదులు నూనె సీసా.

అయితే ఒక్క రాత్రి రెండు జడలతో నయమైపోయినట్టు ఉండకూడదు. డాక్టరు దగ్గర నోరు పెగలని మొదటి రోజు, మందు పడక మార్చిన నెల, చదువు ఆగిన ఏడాది: వీటిని రెండు వాక్యాల్లో తేల్చేశావు. అక్కడ ఇంకో పేజీ పెంచు.

పెట్టే ముందు ఆ పిల్లను అడుగు, కథ ఆమెది కూడా. నీ డాక్టరుకూ ఒక మాట చెప్పు. పెట్టాక అర్ధరాత్రి ముక్కూమొహం తెలియనివాళ్లు "నాకూ అలాగే ఉంది" అని రాస్తారు. పలకరించు, వదిలేయకు, కానీ ఆ బరువంతా నువ్వే మోయకు. చివర 14416 వేయి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి నంబరు అది, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. ఏ వేళప్పుడైనా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. నీకే భారమనిపిస్తే రాసింది తీసేయి, ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. నాకు ఫోను చెయ్యి. ఇప్పుడు నాకు పెట్టవలసిన పేజీలేమీ లేవు.

ఇంకొకటి. బాబాయి గుండెపోటుతో పోయాడని నీకు చెబుతూ వచ్చాం. కాదమ్మా. చుట్టాలందరికీ ఆ మాటే చెప్పాలని ఆ రోజు తీర్మానించింది నేనే. నీ పేజీలు చదివాక వాడి గురించి నేనూ రెండు పేజీలు రాశాను. నానమ్మకు ఇంకా చదివి వినిపించలేదు. దసరాకు వస్తావు కదా, నువ్వు పక్కనుంటే చదువుతాను.

నాన్న