యుగ్ అంటే దక్షిణం, బాబాయ్

దుబ్రోవ్నిక్ నుంచి

బాబాయ్,

ఫోన్ చేద్దామంటే నా డ్యూటీ అయ్యేసరికి మీకు తెల్లవారుజాము రెండున్నర అవుతోంది, అందుకే ఇలా కూర్చుని రాస్తున్నాను. క్రికెట్ లేని ఊళ్లో జనం దేని గురించి మాట్లాడుకుంటార్రా అని అడిగావు కదా. వాటర్ పోలో గురించి బాబాయ్, నీళ్లలో ఆడే బంతాట. మా హోటల్ వంటగదిలో నా పక్కన చేపలు కోసే అతను, మా అద్దింటి ముసలాయన, బస్సు డ్రైవరు, ఎవరిని కదిలించినా ఒక్కటే క్లబ్బు పేరు, యుగ్. వీళ్ల భాషలో దక్షిణం అని అర్థం. క్రొయేషియా దేశం పటంలో ఈ ఊరు కూడా దక్షిణపు కొసనే ఉంటుంది.

ఆట నీకు తొందరగానే అర్థమవుతుంది, ఎందుకంటే అందులో సగం నువ్వు నాకు నేర్పిన నిలువీతే. ఒక్కో జట్టుకి గోలీతో, అంటే గోల్ కాపలా కాసేవాడితో కలిపి ఏడుగురు. ఎనిమిదేసి నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. గోలీ తప్ప ఎవరూ కాలు నేలకి ఆనించకూడదు, బంతిని రెండు చేతులతో పట్టుకోకూడదు. అంటే మీదపడి లాగే వాడిని కాచుకుంటూ, నడుం దాకా నీళ్ల పైకి లేచి, ఒంటి చేత్తో బంతి విసరాలి. కింద కాళ్లు రెండూ కవ్వం తిప్పినట్టు ఆగకుండా తిరుగుతూనే ఉంటాయి. పైనుంచి చూసేవాళ్లకి ఆ కష్టం కనపడదు. నాకు కనపడింది, కాలువలో నా కాళ్లు ఎలా లాగేసేవో ఇంకా గుర్తుంది.

నన్ను ఆశ్చర్యపరిచింది ఆట కాదు బాబాయ్, ఈ ఊరు ఎంత ఉందన్నది. జనాభా నలభై వేల పైచిలుకు, అంతే. మన పాలకొల్లు కంటే చిన్నది. ఇంత ఊళ్లో 1923లో పుట్టిన క్లబ్బు యూరప్ మొత్తానికి నాలుగు సార్లు ఛాంపియన్ అయింది. 1981, 2001, 2006, 2016. రాజధాని జాగ్రెబ్‌లో మ్లాదోస్త్ అనే క్లబ్బుకి ఏడు యూరప్ టైటిళ్లున్నాయి, అది ఇంకా పెద్ద లెక్కే, కాదనను. కానీ అది లక్షల జనం ఉన్న నగరం. ఇక్కడ జట్టులో ఆడేవాడు రొట్టెల కొట్టు దగ్గర వరసలో మన వెనకే నిలబడి ఉంటాడు.

మొదటిసారి గెలిచింది యుగోస్లావియా రోజుల్లో, అప్పటికి క్రొయేషియా ఆ దేశంలో భాగం. ఆ తరం వాళ్లే, వెసెలిన్ జుహో, గోరాన్ సుక్నో, బోజో వులేతిచ్, 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో యుగోస్లావియాకి స్వర్ణం తెచ్చిన జట్టులో ఉన్నారు. జుహో 1988 సియోల్‌లో ఇంకోటి గెలిచాడు. మా ముసలాయన ఈ పేర్లు చెప్పేటప్పుడు గొంతు మారిపోతుంది.

తర్వాత యుగోస్లావియా ముక్కలైనప్పటి యుద్ధం. దీని గురించి ఆయన ఎక్కువ మాట్లాడడు. 1991 అక్టోబరులో యుగోస్లావియా సైన్యం ఊరిని ముట్టడించింది, కరెంటు లేదు, కుళాయిల్లో నీళ్లు లేవు, డిసెంబరు 6న పాత కోట లోపల ఇళ్ల మీద గుండ్లు పడుతూనే ఉన్నాయట. ఇప్పుడు నేను రోజూ నడిచే వీధే అది. పాత పెంకులూ కొత్త పెంకులూ వేరే రంగులో ఉంటాయి, కోట గోడ మీంచి చూస్తే ఏ ఇంటి పైకప్పు పోయిందో తెలిసిపోతుంది. ఆ ఊరే పదేళ్లు తిరక్కుండా 2001లో గ్రీసు జట్టు ఒలింపియాకోస్‌ని ఓడించి మళ్లీ యూరప్ ఛాంపియన్ అయింది. నాలుగు టైటిళ్లలో నాకు ఇదే పెద్దది. 2006లో సొంత ఊళ్లోనే ఇటలీ జట్టు ప్రో రెక్కోని ఓడించారు, 2016లో బుడాపెస్ట్‌లో మళ్లీ ఒలింపియాకోస్‌నే, 6-4. మధ్యలో 2012 లండన్ ఒలింపిక్స్‌లో క్రొయేషియా స్వర్ణం గెలిచినప్పుడు ఆ జట్టులో ఈ ఊరి పిల్లలు చాలామంది ఉన్నారు. అందులో మారో యోకోవిచ్ అని ఎడమచేతి వాటం ఆటగాడు, అతని పేరెత్తితే మా వంటగదిలో పని ఆగిపోతుంది.

ఇంత చిన్న ఊళ్లో ఇంతమంది ఎక్కణ్ణుంచి వస్తారా అని నాకూ అనుమానం ఉండేది. ఈ ఎండాకాలం తెలిసింది. ఇక్కడ 'దివ్ల్యా లీగా' అని ఒకటి జరుగుతుంది, అంటే అడవి లీగ్ అనుకో. ఒక్కో రేవు పిల్లలూ పెద్దలూ ఒక్కో జట్టు, సముద్రంలోనే గోల్ పోస్టులు తేలుతుంటాయి, అలలొస్తుంటే ఆడతారు. ఫైనల్ పాత కోట పక్కన రేవులో. టికెట్ కొనుక్కుని కుర్చీలో కూర్చునే ఆట కాదు, జనమంతా రాళ్ల మీదే. నేను డ్యూటీ ముందు ఒక మ్యాచ్ చూశాను, పొట్ట ఉన్న యాభై ఏళ్లాయన పన్నెండేళ్ల కుర్రాడికి బంతి ఎలా ఇవ్వాలో నీళ్లలోంచే అరిచి చెబుతున్నాడు. నాకు వెంటనే నువ్వే గుర్తొచ్చావు. లాకుల దగ్గర గట్టు మీద నిలబడి, నా నడుముకి కట్టిన తాడు పట్టుకుని "కాళ్లు ఆడించరా, కాళ్లు" అని అరిచేవాడివి.

ఇంకో సంగతి, మన దేశం కూడా 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో వాటర్ పోలో స్వర్ణం గెలిచింది. మా ముసలాయనకి చెబితే నమ్మలేదు, ఫోన్‌లో చూపించాక లేచి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

చిన్నోడికి ఈత వచ్చిందా? ఎండాకాలం కాలువలు కట్టేశారని పోయినసారి ఆగిపోయాడు కదా. ఇప్పుడు నీళ్లొదిలారు, నువ్వే దగ్గరుండి నేర్పు, ముందు నిలువీతే నేర్పు. నీకు మోకాలి నొప్పని తెలుసు, గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నా చాలు, తాడు పట్టుకోవడానికి అన్నయ్య ఉన్నాడు.

ఈ ఊళ్లోనే గ్రూజ్ అనే పేటలో యుగ్ వాళ్ల కొలను ఉంది. శీతాకాలం హోటల్ మూసేస్తే నాకు సాయంత్రాలు ఖాళీయే, అప్పుడు మ్యాచ్‌కి వెళ్తాను. వీడియో తీసి పంపిస్తాను, చిన్నోణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చూడు.

పిన్నికి నమస్కారాలు చెప్పు.

నీ పెద్దోడు