ఫ్యాక్టరీ మడతకత్తి ఎందుకు ఆలస్యమవుతోందంటే

అందరికీ నమస్కారం.

నా ఫ్రేమ్ లాక్ (తెరిచిన బ్లేడ్ మూసుకోకుండా పిడిలోని ఒక భాగమే ఆపే తాళం) మడతకత్తి డిజైన్‌ను ఒక ఫ్యాక్టరీకి ఇచ్చానని, ఈ నెలలో అది మీ చేతికి వస్తుందని ఇదివరకు చెప్పాను. రావడం లేదు. రెండో విడత శాంపిళ్లను నేనే వెనక్కి పంపాను. మీలో చాలామంది నా మాట నమ్మి ముందే డబ్బు కట్టారు కాబట్టి జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాలి.

పెట్టె తెరవగానే నిజంగా సంతోషమేసింది. పిడి వంపు, మొన, టైటానియం మీద ఫినిషింగ్ అన్నీ నా బల్ల మీద తయారైనట్టే ఉన్నాయి. తర్వాత ఒక్కోదాన్ని మూసి, బ్లేడ్ కిందికి ఉండేలా పట్టుకుని, మణికట్టుతో గట్టిగా విదిలించాను. ఐదింటిలో రెండు తెరుచుకున్నాయి. జేబులో పెట్టుకునే కత్తి అలా తెరుచుకుంటే వేళ్లు తెగుతాయి.

మూసిన బ్లేడ్‌ను కదలకుండా పట్టి ఉంచేది డిటెంట్. లాక్ బార్‌లో, అంటే పిడిలో తాళంగా పనిచేసే ఆ భాగంలో, ఒకటిన్నర మిల్లీమీటర్ల బంతి ఉంటుంది. కత్తి మూయగానే అది బ్లేడ్ మొదట్లో ఉన్న చిన్న గుంటలో కూర్చుంటుంది. ఆ గుంట వెంట్రుకవాసి జరిగినా పట్టు సడలుతుంది, లేదా కత్తి తెరవడానికి బొటనవేలు నొప్పెడుతుంది. నేను పిడినీ బ్లేడ్‌నూ బిగించి చూసుకున్నాకే, ఆ జతకు సరిపోయే చోట గుంట వేస్తాను. లాక్ ఆనుకునే ముఖాన్నీ అంతే, కాస్త రుద్దడం, బిగించి చూడడం, విప్పి మళ్లీ రుద్దడం. అందుకే నా కత్తుల్లో ఒకదాని బ్లేడ్ ఇంకోదాని పిడిలో సరిగ్గా కూర్చోదు. ఫ్యాక్టరీలో అలా కుదరదు. ఏ డబ్బాలోంచి తీసిన బ్లేడైనా ఏ పిడిలోనైనా ఇమడాలి. నా వేళ్లు చేసే సర్దుబాటంతా డ్రాయింగ్‌లో అంకెల్లో రాసి ఇవ్వాలి.

ఆ గుంటకు నేను రాసిన టాలరెన్స్, అంటే కొలతలో ఎంత తేడా ఉండొచ్చన్నది, మరీ వదులుగా ఉంది. ఆ తప్పు నాది, సరిదిద్ది పంపాను. పెట్టెలో సర్దే ముందు ఎవరూ ఒక్కసారైనా విదిలించి చూడకపోవడం వాళ్ల తప్పు. ఇకపై ప్రతి కత్తినీ అలా పరీక్షించాలని ఒప్పందంలో చేర్పించాను. దానికి వాళ్లు వెంటనే ఒప్పుకోలేదు. రెండు వారాలు దాని మీదే గడిచిపోయాయి.

ఫ్యాక్టరీతో కలిస్తే నా పని విలువ పోతుందని కొందరు పాత కస్టమర్లు బాధగా రాశారు. నేను అలా అనుకోవడం లేదు. బెంచ్‌మేడ్ అనే కత్తుల కంపెనీ 1998లో 710 మోడల్‌తో తెచ్చిన యాక్సిస్ లాక్ (అడ్డంగా ఉండే కడ్డీతో బ్లేడ్‌ను ఆపే తాళం) బిల్ మెక్‌హెన్రీ, జేసన్ విలియమ్స్ అనే ఇద్దరు కస్టమ్ మేకర్ల, అంటే నాలాగా సొంత షాపులో కత్తులు చేసేవాళ్ల, ఆలోచన. అది వాళ్ల షాపులోనే ఉండిపోయి ఉంటే ఎంతమంది చేతికి అందేది? మరో కస్టమ్ మేకర్ కిట్ కార్సన్ ఇప్పుడు లేరు. సీఆర్‌కేటీ అనే కత్తుల కంపెనీ కోసం ఆయన డిజైన్ చేసిన ఎం16 మడతకత్తి మాత్రం ఎందరి జేబుల్లోనో ఉంది. నాకు ఆ ఆశ ఉంది, దాచుకోను. అమ్ముడైన ప్రతి కత్తికీ నాకు రాయల్టీ వస్తుందన్నదీ నిజమే. మీ దగ్గరున్న కస్టమ్ కత్తికీ దీనికీ తేడా తెలియాలి కాబట్టి, ఫ్యాక్టరీ కత్తి మీద నా పేరు, ఫ్యాక్టరీ పేరు రెండూ చెక్కిస్తున్నాను. నేను చేసినదాని మీద నా పేరు ఒక్కటే ఉంటుంది.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతున్నది ఇంకొకటి. డ్రాయింగ్‌లు, ఫోన్లతో నా సొంత పని ఆరు వారాలు వెనకబడింది. నేను చేసే కత్తుల కోసం ఏళ్ల తరబడి ఓపిక పట్టిన 14 మంది ఇంకా లైన్‌లో ఉన్నారు. వాళ్ల కత్తులన్నీ పూర్తయ్యేదాకా మరో ఫ్యాక్టరీ డిజైన్ ఒప్పుకోను. లైన్ వరుస కూడా మారదు.

ఫ్యాక్టరీ కత్తికి ఈసారి తేదీ చెప్పను. మూడో విడత శాంపిళ్లు రాగానే అన్నింటినీ విదిలించి చూసి, ఫలితం ఎలా ఉన్నా రాస్తాను. అంతదాకా ఆగలేనివాళ్లు ఆర్డర్ నంబర్‌తో ఒక్క లైను రాయండి, కట్టిన డబ్బు మొత్తం వెనక్కి పంపుతాను. కారణం చెప్పక్కర్లేదు.