లేని డిపాజిట్ వసూలు చేశారు: జపాన్ రైలు కార్డుల డబ్బు వాపసు కోసం

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

మా టోక్యో ప్రయాణం కోసం మీ యాప్‌లో నాలుగు సుయికా కార్డులు, అంటే ముందే డబ్బులు వేసుకుని రైలు గేటు దగ్గర తాకించే కార్డులు, బుక్ చేశాను, అమ్మకి, మావారికి, నాకు, మా పాపకి. మీ పేజీలో పెట్టిన ఫోటో ఆకుపచ్చ కార్డుది, పెంగ్విన్ బొమ్మ ఉన్నది. దాని కింద ఒక్కో కార్డుకు 500 యెన్‌ల డిపాజిట్ అనీ, తిరిగి వచ్చేటప్పుడు మిగిలిన బ్యాలెన్స్‌తో సహా స్టేషన్‌లో వెనక్కి తీసుకోవచ్చనీ రాశారు. ఆ మాట నమ్మే డబ్బులు కాస్త ఎక్కువ వేయించాను, పెద్దావిడతో వెళ్తున్నాం కదా, మాటిమాటికీ మెషీన్ దగ్గర నోట్లు పట్టుకుని నిలబడే టెన్షన్ ఉండకూడదని.

నరీతా ఎయిర్‌పోర్టులో మీ కౌంటర్ వాళ్లు ఇచ్చినవి ఎర్ర కార్డులు, మీద తెల్ల చెర్రీ పూలు. ఇదేంటని అడిగితే "అదే కార్డు, డిజైన్ వేరు" అన్నారు. అదే కార్డు కాదు. అది వెల్‌కమ్ సుయికా. టూరిస్టుల కోసం ఇచ్చేది, 28 రోజులే చెల్లుతుంది, డిపాజిట్ అనేదే ఉండదు, మిగిలిన బ్యాలెన్స్ తిరిగి ఇవ్వరు. బయల్దేరే ముందు ఉయెనో స్టేషన్‌లో నాలుగు కార్డులూ కౌంటర్ మీద పెడితే, అక్కడి అమ్మాయి కార్డులతో వచ్చిన కాగితం తీసుకుని గడువు తేదీ మీద వేలు పెట్టి చూపించి, వీటికి రీఫండ్ లేదని ఎంతో మర్యాదగా చెప్పింది. మరి డిపాజిట్ పేరుతో మీరు తీసుకున్న 2,000 యెన్‌లు ఎక్కడికి పోయాయి? రైల్వేకి కట్టలేదు, మా కార్డుల్లోనూ వేయలేదు.

పాప విషయం ఇంకా బాధ కలిగించింది. జపాన్‌లో 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకి సగం చార్జీ, పాస్‌పోర్ట్ చూపిస్తే పిల్లల కార్డే ఇస్తారు. మా పాపకి ఎనిమిదేళ్లు, బుకింగ్ అప్పుడే పాస్‌పోర్ట్ కాపీ మీకు అప్‌లోడ్ చేశాను, అయినా పెద్దవాళ్ల కార్డు ఇచ్చారు. గేటు దగ్గర వేరే పిల్లలు కార్డు తాకిస్తే పిచ్చుక కూసినట్టు పియో పియో అని మోగుతోంది, మా పాప కార్డుకి ఆ చప్పుడు రావట్లేదు, "నాకెందుకు రాదమ్మా" అని అదే అడిగింది. అప్పుడు ఆరా తీస్తే తెలిసింది, ప్రతి ప్రయాణానికీ దాని దగ్గర ఫుల్ టికెట్ కోసుకుంటున్నారని.

మీ కస్టమర్ కేర్‌కి రాస్తే "కార్డు నిబంధనలు రైల్వేవి, మాకు సంబంధం లేదు" అన్నారు. రైల్వే మీద నాకేం ఫిర్యాదు లేదండీ, వాళ్ల నిబంధనలు వాళ్లు స్పష్టంగానే చెబుతున్నారు. ఒక కార్డు ఫోటో చూపించి ఇంకో కార్డు అంటగట్టింది మీరు. మామూలు కార్డులు దొరకలేదనడానికీ లేదు, చిప్‌ల కొరతతో 2023లో ఆగిన అమ్మకాలు 2025 మార్చి 1 నుంచి మళ్లీ జరుగుతున్నాయి. ఒకవేళ మీ దగ్గర టూరిస్టు కార్డులే ఉంటే ఆ మాటే రాయాల్సింది, మేం సరిపడా డబ్బులే వేయించుకునేవాళ్లం.

డిపాజిట్ 2,000 యెన్‌లు, కార్డుల్లో ఉండిపోయిన 4,600 యెన్‌లు, పాప దగ్గర అదనంగా పోయిన సగం చార్జీలు నాకు వాపసు చేయండి. బుకింగ్ రసీదు, మీ పేజీ స్క్రీన్‌షాట్, టికెట్ మెషీన్‌లో తీసిన పాప కార్డు హిస్టరీ ఫోటో జత చేశాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను.

ఆ పెంగ్విన్ ఫోటో, రీఫండ్ మాట మీ పేజీలో ఇవాళ్టికీ అలాగే ఉన్నాయి, ముందు వాటిని తీసేయండి. నా డబ్బు మీ యాప్ వాలెట్‌లో కూపన్లుగా వద్దు, నేను కట్టిన బ్యాంకు కార్డుకే వేయండి.