నా సైకిల్ మోటారు మీది అంకె గురించి రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ఇంటి పెరట్లో చిన్న కొలిమి పెట్టుకుని అల్యూమినియం, అప్పుడప్పుడూ ఇత్తడి కరిగించి పోత పోయడం నా సరదా. దానికి కావలసిన తుక్కు, ఇసుక, బంకమట్టి మోసుకొచ్చేది నా ఎలక్ట్రిక్ సైకిల్. దాని మోటారు 1000 వాట్లు. అంటే చాలా దేశాల చట్టాల ప్రకారం అది సైకిల్ కాదు. పోనీ మోటారు వాహనంగా రిజిస్టర్ చేయించుకుందామంటే ఆ పరీక్షలూ పత్రాలూ వేల బళ్ళు తయారుచేసే కంపెనీలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. పెడళ్ళున్న బండి ఒక్కటి నడిపించుకుంటూ వచ్చిన మనిషికి కౌంటర్ దగ్గర ఇవ్వడానికి ఫారం ఉండదు. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, సరిగ్గా అదీ నా సైకిల్ పరిస్థితి.

సైకిల్ ఎక్కడ ఆగుతుందో, మోటారు వాహనం ఎక్కడ మొదలవుతుందో గీత గీసేది మీ శాఖ కాబట్టి ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. నాకు మినహాయింపు ఇవ్వమని కాదు. అసలు నియమాలే వద్దనే వాళ్ళతో నాకు పొత్తు లేదు. గంటకు 60, 70 కిలోమీటర్లు పోతూ, పాదాలు ఆనించుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాని పెడళ్ళు తగిలించుకున్న బళ్ళు రోడ్ల మీద తిరుగుతున్నాయి. అవి మోటారు సైకిళ్ళే. వాటికి నంబర్ ప్లేటు, లైసెన్సు, హెల్మెట్ అన్నీ అడగండి, నేనేమీ అనుకోను. నా అభ్యంతరమల్లా వాట్లు కొలిచేసి, ప్రమాదాన్ని కొలిచామని అనుకోవడం మీదే.

ఈ గీత దేశానికో చోట ఉంది. యూరోపియన్ యూనియన్‌లో పెడల్ తొక్కినప్పుడే పనిచేసే మోటారు, నిరంతర సామర్థ్యం 250 వాట్లకు మించకుండా, గంటకు 25 కిలోమీటర్లు చేరేసరికి ఆగిపోతే అది సైకిల్. అమెరికాలో 2002లో వచ్చిన చట్టం ప్రకారం 750 వాట్ల లోపు, మోటారు ఒక్కదాని మీదే పోతే గంటకు 20 మైళ్ళ లోపు. భారతదేశంలో 30 నిమిషాల పవర్ (మోటారు అరగంటపాటు ఆగకుండా ఇవ్వగలిగేది) 250 వాట్ల లోపు, వేగం 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు దాటకూడదు. మనిషి ఎముకలు అన్నిచోట్లా ఒకటే కదా, మరి ఒకచోట 250 దగ్గర మొదలయ్యే ప్రమాదం ఇంకోచోట 750 దాకా ఎందుకు ఆగుతోంది? వేగం విషయంలో మాత్రం ఇంత తేడా లేదు, 20 మైళ్ళంటే 32 కిలోమీటర్లే. ఎంత వేగం దాటితే భయపడాలో అందరికీ కాస్త అటూ ఇటూగా ఒకే అంచనా ఉంది. వాట్ల దగ్గరే ఎవరి లెక్క వాళ్ళది.

ఆ వాట్ల అంకె అసలు ఏం చెబుతుందో కూడా చూడాలి. మోటారు మీద రాసే నిరంతర సామర్థ్యం అంటే, అది వేడెక్కి పాడవకుండా ఆగకుండా ఎంత పని చేయగలదో ఆ లెక్క. ఆ క్షణంలో చక్రానికి ఎంత శక్తి వెళుతోందో అది చెప్పదు. చక్రానికి వెళ్ళే శక్తిని నిర్ణయించేది కంట్రోలర్, అంటే బ్యాటరీకీ మోటారుకీ మధ్య ఉండే ఎలక్ట్రానిక్ పెట్టె. 48 వోల్టుల బ్యాటరీ నుంచి 20 ఆంపియర్లు లాగనిస్తే మోటారులోకి 960 వాట్లు పోతాయి, మోటారు మీద 250 అని ఉన్నా సరే. పేరున్న కంపెనీలు చట్టబద్ధంగా అమ్మే 250 వాట్ల మోటార్లలో కొన్ని ఎత్తు ఎక్కేటప్పుడు కాసేపు 500 వాట్లు దాటి ఇస్తాయి. ఇందులో మోసం ఏమీ లేదు, నియమం అడిగింది నిరంతర సామర్థ్యమే, వాళ్ళు చెప్పిందీ అదే. నా మోటారు మీద నిజాయితీగా 1000 అని రాసి ఉండడమే నాకొచ్చిన చిక్కు.

అంత పవర్ నీకెందుకయ్యా అని మీరు అడగొచ్చు. ఇసుక బరువు అలాంటిది. సైకిలూ, నేనూ, సామానూ కలిపి 130 కిలోలు అనుకోండి. నూరు మీటర్లకు పది మీటర్లు లేచే ఎత్తు మీద గంటకు 15 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే చక్రం దగ్గర 550 వాట్లకు పైగా కావాలి. మామూలు మనిషి కాళ్ళు ఆగకుండా ఇవ్వగలిగింది వంద, నూట యాభై వాట్లు. మోటారు నిజంగానే 250 దగ్గర ఆగిపోతే వేగం 10 కిలోమీటర్ల చుట్టుపక్కలకు పడిపోతుంది, సైకిల్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది, వెనక వచ్చే లారీవాడికి ఓపిక నశిస్తుంది. చక్రంలోనే ఉండే హబ్ మోటారుకి ఇంకో బాధ ఉంది. అది నెమ్మదిగా తిరుగుతూ బరువు లాగాల్సి వస్తే తీసుకున్న కరెంటులో పెద్ద భాగాన్ని వేడిగా మార్చేస్తుంది. చిన్న మోటారు చేత పెద్ద పని చేయిస్తే వైర్ల మీది ఇన్సులేషన్ కాలుతుంది, లోపల నైలాన్ గేర్లుంటే అవి మెత్తబడతాయి. పెద్ద మోటారైతే అదే పని తాపీగా చేసుకుపోతుంది. నాకు పవర్ కావలసింది ఎత్తు ఎక్కడానికి. సమతలం మీద 25 దాటాలని నాకేం తొందర లేదు, లోహం కరిగించే మూస చల్లబడేదాకా ఎలాగూ ఆగాల్సినవాణ్ణే.

ఎదుటి మనిషిని గాయపరిచేది వేగం. ఆ 130 కిలోలే 25 కిలోమీటర్ల వేగంతో కాక 45తో పోతే, ఢీకొట్టే శక్తి మూడింతలు దాటుతుంది. బ్రేకు పట్టాలని తోచడానికి ఒక సెకను, ఆ తర్వాత ఓ మోస్తరు మంచి బ్రేకులతో ఆగడానికి పట్టే దూరం కలిపితే, 25 దగ్గర సుమారు 13 మీటర్లు, 45 దగ్గర 32 మీటర్లు. ఈ లెక్కలో మోటారు సామర్థ్యం ఎక్కడా రాదు. వేగం, బరువు, బ్రేకులు, టైరు, రోడ్డు, అంతే.

పోతపనిలో ఈ తేడా మాకు మొదటి రోజే తెలుస్తుంది. కొత్తగా చూడ్డానికి వచ్చినవాళ్ళు బర్నర్ హోరు విని, ఎర్రగా మండే కొలిమిని చూసి దూరం జరుగుతారు. నిజంగా ప్రాణం తీయగలిగేది మాత్రం పక్కన అమాయకంగా పడి ఉన్న తడి లోహపు దిమ్మ. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పోత పోసేది 700, 750 దగ్గర. ఆ ద్రవంలోకి తేమ ఉన్న ముక్క జారితే నీరు క్షణంలో ఆవిరై 1,600 రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది, మూసలో ఉన్న లోహం మొహం మీదికి ఎగురుతుంది. అందుకే మూసలో వేసే ప్రతి ముక్కనీ, కరిగిన లోహం మీద తేలే తెట్టు తీసే గరిటెనీ, మిగిలిన లోహం ఒంపుకునే దిమ్మ అచ్చునీ ముందే వేడిచేస్తాం. సిమెంటు నేల మీద పోయం, ఎందుకంటే కాంక్రీటులోనూ తేమ ఉంటుంది, ఒలికితే నేలే పేలుతుంది. పొడి ఇసుక పరిచి దాని మీద పోస్తాం. ఇత్తడి అయితే ఇంకో గొడవ. అందులోని జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది, ఆ తెల్లటి పొగ పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం ఖాయం. కాళ్ళకు తోలు బూట్లు, ఒంటి మీద నూలు బట్టలు, మొహానికి షీల్డు. ఈ పని తెలిసినవాళ్ళెవరూ కొత్తవాణ్ణి నీ కొలిమి ఎన్ని కిలోవాట్లని అడగరు, తడి ఎక్కడుందో చూసుకున్నావా అని అడుగుతారు. మీ శాఖ కూడా సైకిల్ దగ్గర అలాంటి ప్రశ్నే అడగాలని నా కోరిక.

మీ ఇంజినీర్లు ఒక మాట అనొచ్చు, అందులో బలం ఉంది. వేగ పరిమితి సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది, ఫోన్ యాప్‌తో దాన్ని తీసేస్తారు. మోటారే చిన్నదైతే ఎవరేం చేసినా ఒక హద్దు దాటదు అని. నిజమే, నిటారుగా కూర్చుని తొక్కే సైకిల్‌ని సమతలం మీద 45లో నిలపాలంటే సుమారు 800 వాట్లు కావాలి. కానీ పైన చెప్పినట్టు వాట్ల హద్దు ఉండేది కూడా ఆ కంట్రోలర్‌లోనే. వేగం తాళం తీయగలిగినవాడు కరెంటు తాళం కూడా తీస్తాడు. పైగా రోడ్డు పక్కన నిలబడ్డ కానిస్టేబుల్ వాట్లను ఏ పరికరంతో కొలుస్తాడు? స్టిక్కర్ చదవడం తప్ప ఆయన చేయగలిగింది లేదు, స్టిక్కర్ అతికించడం ఎంతసేపు! వేగాన్నైతే రాడార్ గన్‌తో అక్కడికక్కడే పట్టుకోవచ్చు. చక్రాన్ని రోలర్ల మీద తిప్పి ఎంత దాకా పోతుందో చూడొచ్చు. తాళం తీయడానికి వీలు వదిలిన తయారీదారుని జవాబుదారీ చేయొచ్చు.

బ్యాటరీ సంగతి నిజంగా టెన్షన్ పెట్టే విషయం, దాని మీద మాత్రం మీరు ఎంత కఠినంగా ఉన్నా తప్పు లేదు. ఓ మోస్తరు సైకిల్ బ్యాటరీలో 750 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. కిలో అల్యూమినియం గది ఉష్ణోగ్రత నుంచి కరిగించడానికి, వృథా అసలే లేదనుకుంటే, సుమారు 300 వాట్-అవర్లు చాలు. అంటే సీటు కింద రెండున్నర కిలోల అల్యూమినియాన్ని కరిగించగల శక్తి పెట్టుకుని తిరుగుతున్నామన్నమాట. (నా కొలిమిలో వేడి సగానికి పైగా గాలికే పోతుంది కాబట్టి ఆ ప్రయోగం నేను చేయను.) లిథియం బ్యాటరీలో ఒక సెల్ లోపల షార్ట్ అయితే ఆ వేడి పక్క సెల్‌కి, అక్కణ్ణుంచి దాని పక్కదానికి పాకుతుంది. ఇళ్ళలో, మెట్ల కింద, చార్జింగ్‌లో ఉండగా మొదలయ్యే మంటలు ఇలా వచ్చేవే. న్యూయార్క్ నగరం 2023లో చేసిన చట్టంతో అక్కడ అమ్మే ఎలక్ట్రిక్ సైకిళ్ళు యూఎల్ అనే అమెరికా భద్రతా సంస్థ పెట్టిన యూఎల్ 2849 ప్రమాణానికి, బ్యాటరీలు యూఎల్ 2271 ప్రమాణానికి సరిపోవాలి. అలాంటిది మీరూ తెండి. 250 వాట్ల సైకిల్‌కైనా నాసిరకం బ్యాటరీ నాసిరకం బ్యాటరీయే. నా బ్యాటరీని కొలిమి ఉన్న వైపుకే రానివ్వను, చార్జింగ్ వేరే చోట, మెలకువగా ఉన్నప్పుడే.

ఇంకో విషయం, ఇది నా సరదాకే అడ్డం వచ్చేది. సైకిల్‌కి కావలసిన భాగాలు ఇంట్లో పోసుకుంటే నీకేం తెలుస్తుంది వాటి బలం అని అడిగే హక్కు మీకుంది. సమాధానం: పూర్తిగా తెలియదు. కరిగిన అల్యూమినియం గాలిలోని తేమ నుంచి హైడ్రోజన్‌ని పీల్చుకుంటుంది, గడ్డకట్టేటప్పుడు దాన్ని వదిలేస్తుంది, అవి లోపల సన్నటి బుడగలై మిగులుతాయి. పైన పాలిష్ పెడితే అద్దంలా మెరుస్తుంది, లోపల ఏముందో ఎక్స్‌రే లేకుండా చెప్పలేం. తుక్కు ఏ మిశ్రమమో కూడా అంచనాయే. పాత పిస్టన్లూ, కారు అల్లాయ్ చక్రాలూ సిలికాన్ ఉన్న పోత మిశ్రమాలు కాబట్టి బాగా పారతాయి, కూల్‌డ్రింక్ డబ్బాలతో పోస్తే తెట్టే ఎక్కువ. కాబట్టి లైటు బ్రాకెట్, బ్యాటరీ పెట్టె మూలలు, కంట్రోలర్ మూత లాంటివి పోసుకుంటాను. హ్యాండిల్‌ని ముందు ఫోర్కుకు కలిపే స్టెమ్, ఫోర్కు, బ్రేకు లివరు, పెడల్ క్రాంకు ఎప్పటికీ పోయను. హబ్ మోటారు ఇరుసు తిరిగిపోకుండా పట్టుకునే టార్క్ ఆర్మ్ ఉక్కుదే ఉండాలి. ఈ భాగాలకు ఇంటి పోత నిషేధమని మీరు రాతపూర్వకంగా పెడితే మొదట సంతకం పెట్టేవాణ్ణి నేనే.

నేను కోరే మార్పు కొత్తదేమీ కాదు. యూరోపియన్ యూనియన్ 2013 నాటి నిబంధనలోనే 1000 వాట్ల దాకా మోటారు ఉండి, 25 కిలోమీటర్ల దగ్గర మోటారు సాయం ఆగిపోయే పెడల్ బళ్ళకు విడిగా ఒక తరగతి ఉంది. అక్కడ దాని చిక్కల్లా కంపెనీల స్థాయి ఆమోద ప్రక్రియ. మీరు ఆ తరగతిని తీసుకుని, ఆ ప్రక్రియ స్థానంలో ఒక్కో బండికి విడిగా తనిఖీ పెట్టండి. బరువు తూయండి, పూర్తి సామానుతో బ్రేకు పట్టించి ఆగే దూరం కొలవండి, రోలర్ మీద గరిష్ఠ వేగం చూసి కంట్రోలర్‌కి సీలు వేయండి, బ్యాటరీ మీద ప్రమాణం గుర్తు ఉందో లేదో చూడండి. పాసైతే చిన్న నంబరు ప్లేటు ఇవ్వండి. సీలు తెగి కనిపిస్తే జరిమానా ఘనంగానే వేయండి. సామాన్లు చేరవేసేవాళ్ళు, పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకునేవాళ్ళు, మోకాళ్ళు అరిగి ఎత్తు ఎక్కలేని పెద్దవాళ్ళు, అందరూ ఈ తరగతిలోకి వస్తారు. నాలాంటి పోతపని పిచ్చివాళ్ళు అందులో ఓ మూలన ఉంటాం.

ఈ పరీక్ష ఎలా ఉండాలో మీ శాఖ ప్రయత్నించి చూడదలిస్తే నా సైకిల్ సిద్ధంగా ఉంది. ఎత్తున్న రోడ్డు ఒకటి, తూకం ఒకటి, రోజూ బళ్ళు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ ఒకరు ఉంటే చాలు. ఇసుక బస్తా నేనే తెచ్చుకుంటాను. తేదీ చెప్పించగలరు.

ఇట్లు,
ఎలక్ట్రిక్ సైకిల్ నడిపే ఒక పోతపని అభిమాని