చింతపిక్కల పందెం

విశాఖపట్నం,
ఆదివారం.

ఒరేయ్ సూరీ,

ఎలా ఉన్నావురా? పాపకి పైథాన్ ప్రోగ్రామింగ్ ఎక్కడ మొదలుపెట్టాలని అడిగి వారం దాటింది. ఇవాళ పొద్దుటి నుంచి ఎంవీపీ కాలనీలో ఒకటే వాన. బీచ్‌కి వెళ్దామని గొడవ చేసిన మేనల్లుడు ఇప్పుడే పడుకున్నాడు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

వాడు తొమ్మిదో తరగతి. ఈ సెలవుల్లో వాడితో పైథాన్‌లో పాచికల పందెం ఆట రాయించాను. తీర్థాల్లో రెండు పాచికలు డబ్బాలో గిలక్కొట్టి "ఏడు కిందా, ఏడు పైనా" అని ఆడించేవారు చూడు, అదే. రెండిటి మొత్తం ఏడుకి తక్కువా, ఎక్కువా, సరిగ్గా ఏడా అని కాయడం. డబ్బు మాట వద్దని చెప్పి ఖాతాలో 100 చింతపిక్కలు వేయించాను. పందెం కాయాలి, పాచికలు పడాలి, లెక్క మారాలి, పిక్కలున్నంతసేపూ తిరగాలి. లెక్క దాచుకునే వేరియబుల్, షరతు చూసే ఇఫ్, షరతు నిజమైనంతసేపూ తిరిగే వైల్ లూప్ మూడూ అందులోనే వచ్చేస్తాయి.

రెండు అంకెల మధ్య ఏదో ఒకటి తీసిచ్చే రాండింట్ ఉంది కదా, మొదట వాడు దానికి 2, 12 ఇచ్చేశాడు. అలా అయితే 2 నుంచి 12 దాకా అన్నీ సమానంగా పడతాయి. నేను తప్పనలేదు. లూడో పెట్టెలోంచి ఒక పాచిక, వైకుంఠపాళిలోంచి ఒకటి తెచ్చి, కాగితం మీద ఒక పాచికకి అడ్డంగా ఆరు, రెండోదానికి నిలువుగా ఆరు, 36 గళ్ళు గీయించాను. ఏ గడిలో ఎంత మొత్తం వస్తుందో వాడే నింపాడు. 2 ఒక్క గడిలోనే ఉంది, 7 మాత్రం మూల నుంచి మూలకి ఆరు గళ్ళలో వరసగా వచ్చింది. ఆ వరస మీద రెండుసార్లు వేలు పోనిచ్చి చూశాడు. వెంటనే వెళ్ళి 1 నుంచి 6 దాకా రెండు రాండింట్‌లు విడివిడిగా రాసి కలిపాడు. ఎంత సంతోషం వేసిందో!

టైప్ చేసిన పందేన్ని ఇన్‌పుట్ అక్షరాలుగానే ఇస్తుంది కాబట్టి ఇంట్ అనే ఫంక్షన్‌తో అంకె చేసుకోవాలి, అది తొందరగానే పట్టేశాడు. అసలు గమ్మత్తు తర్వాత. ఊరికే మైనస్ 50 అని పందెం కాసి ఓడిపోయాడు. తెర మీద 150 పిక్కలు! "మావయ్యా, ఓడిపోతే పెరిగాయేంటి?" అని ఒకటే కేక. 100 లోంచి మైనస్ 50 తీసేస్తే ఎంతో కాగితం మీద చేయించాను. పందెం సున్నా కన్నా ఎక్కువా, ఉన్న పిక్కల్ని మించకుండా ఉందా అని చూసే షరతు వాడే పెట్టాడు. నేను ముందే చెప్పేసి ఉంటే వాడికి అంత గట్టిగా గుర్తుండేది కాదు.

సాయంత్రం మనిషి ఆడకుండా ప్రోగ్రామే 36,000 సార్లు ఆడేలా లూప్ పెట్టాం. ఆటకి ఒక పిక్క, ప్రతిసారీ "ఏడు కింద". గెలిస్తే ఒకటికి ఒకటి. 36 గళ్ళలో గెలిచేవి 15, పోయేవి 21. దగ్గర దగ్గర 6,000 పిక్కలు పోయాయి. ఏడు మీద కాస్తే ఒకటికి నాలుగు ఇచ్చేట్టు మార్చాడు, అదీ ఇంచుమించు అంతే పోయింది. అయిదు ఇస్తే గానీ ఇద్దరికీ సమానం కాదు. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "కిందటేడు తీర్థంలో నా 40 రూపాయలు పోయింది ఇలాగేనా?" అన్నాడు. అవునన్నాను.

పాపకి మా ఫైలు పంపడం లేదు, కావాలనే. ముందు రెండు పాచికలు చేతికిచ్చి గళ్ళు గీయించు. మైనస్ పందెం సంగతి మాత్రం నోరు జారకు, తనే పట్టుకోనీ. ఎక్కడైనా ఆగిపోతే రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ చెయ్యండి.

నీ
రమణ