కారవాన్ లాగేముందు హిచ్ లెక్క చూడండి

సంపాదకులకు నమస్కారం. అమెరికాలో వేసవికి కారవాన్ (కారు వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు) అద్దెకు తీసుకునే మనవాళ్లు కారు ‘5,000 పౌండ్లు లాగుతుంది’ అన్న ఒక్క అంకె చూసి బయల్దేరితే ప్రమాదం. కారవాన్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (కారు వెనక కారవాన్‌ను తగిలించే అమరిక) బంతి మీద పడాలి. 4,000 పౌండ్లయితే 400 నుంచి 600. సామానంతా వెనక సర్దితే ముందు తేలికై, వేగంలో కారవాన్ పాములా ఊగుతుంది. హిచ్ మీద బరువు మరీ ఎక్కువైతే కారు వెనక కుంగి, ముందు చక్రాలకు పట్టు తప్పుతుంది.

పైగా హిచ్ మీది బరువు కారు మోయాల్సిందే. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్‌పై కారు మోయగల బరువు 1,200 పౌండ్లని ఉంటే, హిచ్‌కు 500 పోగా మనుషులకూ సామానుకూ మిగిలేది 700. ఐదుగురు పెద్దలు ఎక్కితే అయిపోయినట్టే! వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (బరువును పంచే హిచ్) కొంత బరువును ముందు ఇరుసుకు మళ్లిస్తుంది గానీ, కారు పరిమితిని పెంచదు. అద్దెకిచ్చేవాళ్లు తాళాలిచ్చే ముందే ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాలి.